కొనేవాడు ఒక్కడే అయితే జెండా ఉన్నా స్వేచ్ఛ లేనట్టే



పోయిన నెల మా మండల సమావేశంలో ఒక కుర్రాడు లేచి అడిగాడు. "బాబాయ్, చిన్న దేశం పోయి పెద్ద దేశాల కూటమిలో చేరితే మింగేస్తారు కదా! అంత పెద్ద బ్రిటనే యూరోపియన్ యూనియన్‌లో ఇమడలేక బయటికి వచ్చేసింది. ఎవరి దేశం వాళ్లు చూసుకుంటే పోలా?" కొందరు చప్పట్లు కొట్టారు. ఆ వెనకే ఒక పెద్దాయన, "అదేలేవోయ్, సంఘానికి ఏటా చందా కడుతున్నాం, మనకు మాత్రం ఏం ఒరిగింది?" అన్నాడు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి.

అప్పుడు టైం చాలక సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ రెండు ప్రశ్నలకూ కలిపి ఇక్కడ చెబుతున్నాను, ఎందుకంటే అవి రెండూ ఒకటే ప్రశ్న. పెద్దవాళ్ల పక్కన బతికే చిన్నవాడు ఒంటరిగా ఉంటే స్వేచ్ఛా, పదిమందితో కలిస్తే స్వేచ్ఛా? దీనికి జవాబు నా బుర్రలోంచి చెప్పను. రైతుబిడ్డల దేశం అనదగ్గ ఒక చిన్న దేశం కథ చెబుతాను. ఆ దేశం ఐర్లండ్.

దూడల్ని చంపించిన రోజులు

ఐర్లండ్ మన తెలంగాణ కన్నా చిన్నది. 2022 లెక్కల ప్రకారం జనం 51 లక్షలు, అంటే మన హైదరాబాదు జనంలో దాదాపు సగం. పచ్చగడ్డి, ఆవులు, పాలు, వెన్న, మాంసం, ఇవే వాళ్ల వ్యవసాయం. పక్కనే సముద్రం దాటితే బ్రిటన్. కొన్ని వందల ఏళ్లు ఆ బ్రిటన్ కిందే నలిగారు. 1845లో బంగాళాదుంపకు తెగులు సోకి మొదలైన కరువులో దాదాపు పది లక్షల మంది చచ్చిపోయారు. ఆ కరువు రోజుల్లోనే అక్కడి ధాన్యం, పశువులు ఓడలెక్కి ఇంగ్లండ్ పోతూనే ఉన్నాయి. 1841లో ఆ దీవి మొత్తంలో 80 లక్షల మంది ఉండేవాళ్లు. ఈనాటికీ ఆ సంఖ్యకు చేరుకోలేదు.

మనం రోజూ వాడే 'బాయ్‌కాట్' అనే మాట వాళ్లిచ్చిందే. 1880లో మేయో జిల్లాలో జమీందారు తరఫున కౌళ్లు వసూలు చేసే బాయ్‌కాట్ అనే ఏజెంటుకు రైతులు పంట కోయడం మానేశారు, కొట్లవాళ్లు సరుకు అమ్మడం మానేశారు, ఊరంతా పలకరించడం మానేసింది. దాని వెనక ఉన్నది మైకేల్ డేవిట్ వంటివాళ్లు 1879లో పెట్టిన రైతుల భూమి సంఘం. అలాంటి పోరాటాల వల్లే జమీందారుల భూములు రైతుల చేతికి వచ్చాయి. 1922లో దేశానికి స్వపరిపాలన కూడా వచ్చింది.

మరి కష్టాలు తీరాయా? తీరలేదు. జెండా వాళ్లదే, ప్రభుత్వం వాళ్లదే. కొనేవాడు మాత్రం బ్రిటన్ ఒక్కడే. ఎగుమతుల్లో నూటికి 90 పాళ్లు పైన అక్కడికే పోయేవి.

దాని ఫలితం 1932లో తెలిసింది. భూములు కొనుక్కోవడానికి వెనకటి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన అప్పుల తాలూకు వాయిదాలు ఐర్లండ్ రైతులు ఏటా కడుతుంటే, అవి లండన్‌కు చేరేవి. మా భూమి మాకు దక్కినందుకు మీకు కప్పం ఏమిటని డి వలేరా ప్రభుత్వం ఆ సొమ్ము పంపడం ఆపింది. న్యాయమైన మాటే. బ్రిటన్ సైన్యాన్ని పంపలేదు, తుపాకి పేల్చలేదు. ఐర్లండ్ పశువుల మీద నూటికి 20 సుంకం వేసింది, అంతే. పశువుల ధర కుప్పకూలింది. మేపలేక, అమ్ముకోలేక రైతులు అల్లాడిపోయారు. చివరకు సొంత ప్రభుత్వమే దూడ తోలుకు ఇంతని డబ్బులిచ్చి దూడల్ని చంపించింది. పాడి చేసే మనిషికి ఇంతకన్నా నరకం ఉంటుందా? ఆరేళ్ల తరువాత, 1938లో, కోటి పౌన్లు ఒకేసారి కట్టి రాజీ పడ్డాక గానీ ఆ సుంకాలు పోలేదు.

ఆ కుర్రాడు చెప్పే 'ఎవరి దేశం వాళ్లు చూసుకోవడం' అంటే ఇదే. సంతలో ఒక్కడే బేరగాడు ఉంటే, గేదె నీదే, పలుపు నీ చేతిలోనే, ధర మాత్రం వాడిది.

ఆ తరువాత కూడా బ్రిటన్ తన పట్టణాలకు చవగ్గా తిండి దొరకాలని ప్రపంచం నలుమూలల నుంచి సరుకు దింపుకునేది. తన రైతుకు వచ్చిన లోటును తన ఖజానా నుంచి పూడ్చేది. ఐర్లండ్ రైతుకు దక్కేది ఆ చవక ధర, పూడ్చే సొమ్ము పూర్తిగా దక్కేది కాదు. 1950ల్లో ఆ చిన్న దేశం నుంచి దాదాపు నాలుగు లక్షల మంది వలసపోయారు. 1966 అక్టోబరులో రికార్డ్ డీసీ అనే రైతు నాయకుడి వెంట రైతులు బ్యాంట్రీ నుంచి రాజధాని డబ్లిన్ దాకా దాదాపు 350 కిలోమీటర్లు కాలినడకన పోయారు. మంత్రి కలవనన్నాడు. ఇరవై రోజులు ఆ ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నారు. అలాంటి రైతులకు 1972లో ప్రశ్న వచ్చింది, యూరప్ దేశాల ఉమ్మడిలో చేరదామా వద్దా అని. ఓటు వేసినవాళ్లలో నూటికి 83 మంది చేరదామన్నారు. 1973 జనవరి 1న చేరారు.

చేరితే వచ్చినవి మూడు

మొదటిది సంత. ఒక్క బేరగాడి వాకిట్లో నిలబడాల్సిన పని తప్పింది. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ అన్నీ సుంకం లేని సంతలయ్యాయి. 1962లో ఐర్లండ్ పాల బోర్డు తెచ్చిన కెర్రీగోల్డ్ వెన్న ఇవాళ జర్మనీ ఇళ్లలో బాగా అమ్ముడుపోయే వెన్న. ఆ పేరు ఈనాటికీ ఐర్లండ్ పాల సహకార సంఘాల చేతిలోనే ఉంది. ఇప్పుడు ఐర్లండ్ సరుకుల ఎగుమతుల్లో బ్రిటన్ వాటా పదో వంతుకు అటూ ఇటూ. తిండి సరుకుల్లో బ్రిటన్ ఇప్పటికీ పెద్ద కొనుగోలుదారే, కానీ వాడు వద్దంటే ఇంకోడు ఉన్నాడు.

రెండోది ఉమ్మడి నిధి. ఇది మన రైతు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది. ధర ఒక గీత కిందకి పడితే వెన్న, మాంసం, ధాన్యం ప్రభుత్వ సంస్థలు కొనాలి, ఆ ఖర్చు ఏ ఒక్క దేశమూ కాక అందరూ కలిసి భరించాలి. ఉమ్మడి వ్యవసాయ విధానం అన్న పేరుతో వాళ్లు పెట్టుకున్న పద్ధతి అది. డబ్లిన్ ఖజానాకు అప్పట్లో అంత బరువు మోసే సత్తా లేదు. మన మద్దతు ధర గురించి ఢిల్లీలో అంకెలు చదువుతారు, యార్డులో కొనే నాథుడు ఉండడు. వాళ్ల దగ్గర కొని చూపించారు. 1992లో ఆ పద్ధతి మార్చి రైతు ఖాతాకే డబ్బు వేయడం మొదలుపెట్టారు. ఆ మార్పు చేసిన వ్యవసాయ కమిషనర్ రే మక్‌షారీ ఐర్లండ్ మనిషే. ఇవాళ అక్కడ పశువులు పెంచే చిన్న రైతుల్లో చాలామందికి అమ్మకం మీద మిగిలేదాని కన్నా ఆ చెల్లింపే ఎక్కువ. నలభై ఏళ్లు తీసుకున్న ఐర్లండ్ ఇప్పుడు ఆ నిధికి తీసుకునేదాని కన్నా ఎక్కువ ఇస్తోంది. ఎదిగినవాడు ఎదుగుతున్నవాడికి ఇవ్వడమే ఉమ్మడి ధర్మం.

మూడోది కుర్చీ. యూరప్ పార్లమెంటులో 720 మందిలో ఐర్లండ్ వాళ్లు 14 మంది, జర్మనీ వాళ్లు 96 మంది. జనం లెక్కన చూస్తే ఐర్లండ్ మనిషి ఓటు బరువు జర్మనీ మనిషి ఓటుకు రెండింతల పైన. చిన్నదైనా పెద్దదైనా దేశానికి ఒక కమిషనర్. ఆ కుర్చీ ఉత్తది కాదని 1984లో తేలింది. పాల ఉత్పత్తి ఎక్కువైందని యూరప్ కోటాలు పెట్టబోతే, మా బతుకే పాలు, మాకు కోత కుదరదని ఐర్లండ్ ప్రధాని గారెట్ ఫిట్జ్‌జెరాల్డ్ శిఖరాగ్ర సమావేశం నుంచి లేచి వచ్చేశాడు. చివరకు మిగతావాళ్లకు కోత పడితే ఐర్లండ్‌కు ఉన్నదాని మీద కొంత పెంచి ఇచ్చారు. 1932లో ఆయన ఎక్కడి నుంచి లేచి వచ్చేవాడు? కూర్చోవడానికి బల్లే లేదు.

బ్రిటన్ సంగతేమిటి?

ఇక ఆ కుర్రాడు చూపించిన బ్రిటన్ దగ్గరికి వద్దాం. 2016లో బయటికి పోదామని బ్రిటన్ ఓటేసింది. దాంతో పెద్ద చిక్కు వచ్చింది. దీవి ఉత్తర భాగం బ్రిటన్‌ది, మిగతాది ఐర్లండ్‌ది. మధ్యలో 500 కిలోమీటర్ల సరిహద్దు. అక్కడ మళ్లీ గేట్లు, తనిఖీలు పెడితే పాత గొడవలు రేగుతాయి. గట్టుకు అటూ ఇటూ పొలం ఉన్న రైతులు, ఇటు పితికిన పాలు అటు డెయిరీకి పోసే రైతులు నాశనమవుతారు. గేట్లు పెట్టడానికి వీల్లేదని ఐర్లండ్ అంది.

ఆరున్నర కోట్ల జనం ఉన్న బ్రిటన్ ఎదుట అర కోటి ఐర్లండ్ ఒంటరిగా ఈ మాట అంటే ఏమయ్యేదో 1932 చెప్పింది. ఈసారి వెనక 26 దేశాలు నిలబడ్డాయి. ఐర్లండ్ సరిహద్దు తేలకుండా ఒప్పందం లేదన్నాయి. ఏళ్ల తరబడి బేరం నడిచింది, బ్రిటన్‌లో ప్రధానులు మారారు. చివరకు తనిఖీలు ఏవైనా ఉంటే సముద్రం దగ్గరే, దీవి మధ్యలో గేట్లు లేవని రాసుకున్నారు. వందల ఏళ్ల చరిత్రలో బ్రిటన్‌తో బేరంలో ఐర్లండ్ చెయ్యి పైనుండటం అరుదు. అది సొంత బలం వల్ల వచ్చింది కాదు, సంఘ బలం వల్ల వచ్చింది.

చేరగానే స్వర్గం కాదు

ఇందులో చేదు ఉంది, అదీ చెప్పాలి. ఐర్లండ్‌లో అప్పట్లో రెండు లక్షల పైన ఉన్న కమతాలు 2020 లెక్కకు 1.35 లక్షలకు వచ్చాయి. ఎకరాలు ఎక్కువున్నవాడికి డబ్బు ఎక్కువ చేరింది. బ్యాంకులు చేసిన పాపానికి 2010లో 8,500 కోట్ల యూరోల ప్యాకేజీకి ఒప్పుకుని, షరతులన్నీ ప్రజల నెత్తిన పెట్టుకున్నారు. బ్రెజిల్, అర్జెంటీనా వంటి మెర్కోసుర్ దేశాల మాంసం దింపే ఒప్పందం మీద అక్కడి రైతులు ట్రాక్టర్లతో రోడ్డెక్కారు. మంచిదే. సంఘంలో చేరామని కళ్లు మూసుకుంటే సంఘం కూడా ముంచుతుంది. ఐర్లండ్ రైతుసంఘం తెలివి చూడండి. దేశం చేరిన ఏడాదే బ్రస్సెల్స్‌లో సొంత ఆఫీసు తెరిచింది. నిర్ణయం ఎక్కడ జరిగితే రైతు అక్కడ ఉండాలి.

ఇంకొక మాట. కలవడం పేరుతో వచ్చే ప్రతిదీ సంఘం కాదు. మనల్ని ఆర్‌సెప్‌లో చేర్చాలని చూసినప్పుడు మన రైతుసంఘాలన్నీ ఎందుకు ఎదిరించాయి? అందులో సంత ఉంది, అదీ న్యూజిలాండ్ పాలపొడికి. ధర పడితే ఆదుకునే ఉమ్మడి నిధి లేదు, చిన్నవాడికి బరువున్న ఓటు లేదు. 2019 నవంబరులో భారత్ దాన్నుంచి వెనక్కి వచ్చింది, మనం సంతోషించాం. తలుపులు మాత్రమే తెరిపించేది వ్యాపార ఒప్పందం. తలుపుతో పాటు నిధి, కుర్చీ కూడా ఇచ్చేది సంఘం. రేపు ఎవడు ఏ ఒప్పందం తెచ్చినా ఈ మూడు ప్రశ్నలూ అడగండి: సంత ఎవరికి? నిధి ఎక్కడ? నా ఓటు ఎంత?

చివరగా చందా సంగతి

పెద్దాయనకు మా ఊరి ముచ్చట ఒకటి చెబుతాను. మా ఊళ్లో ఒకప్పుడు పాలు పోయించుకునే కేంద్రం ఒక్కటే ఉండేది. నాకు రెండు గేదెలు. ఫ్యాట్ ఎంత అంటే వాడు రాసిందే. ఒకరోజు తగ్గించి రాశావేమని నేనొక్కడినే అడిగితే, "ఇష్టం లేకపోతే ఇంటికి తీసుకుపో" అన్నాడు. సాయంత్రం పాలు, ఎక్కడికి తీసుకుపోను? తెల్లారి మళ్లీ క్యాను పట్టుకుని అక్కడే నిలబడ్డాను. తరువాత ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లం ఒకటై, తలా కొంత వేసుకుని పాలు పరీక్షించే మిషను కొన్నాం. మా లెక్క మేం రాసుకుని వెళ్లాం. కుదరకపోతే పక్క ఊరి కేంద్రానికి ఆటో మాట్లాడామని చెప్పాం. ఆ రోజు నుంచి ఫ్యాట్ తగ్గలేదు. గేదెలు అవే, గడ్డి అదే, పాలు అవే.

ఆ ముప్పై ఎనిమిది ఇళ్లలో మీ ఇల్లూ ఉంది పెద్దాయనా! ఆ రోజు మీరు వేసిన వంద రూపాయలే మీరు అడిగిన ప్రశ్నకు జవాబు.

గడ్డిపరక ఒక్కటైతే గాలికి పోతుంది, పేనితే మోకవుతుంది. పేనడానికి ఓపిక కావాలి, చేతులు ఒరుసుకుపోతాయి. అయినా పేనాలి. ఈ ఏడాది సభ్యత్వం ఇంకా తీసుకోనివాళ్లు ఈ నెలలోనే తీసుకోండి. తీసుకున్నవాళ్లు సమావేశానికి రండి, అడగండి, తప్పు చేస్తే మా నాయకుల్ని నిలదీయండి. మీ కుర్చీ ఖాళీగా వదలకండి.

రైతుల ఐక్యత వర్ధిల్లాలి!