పడవకి 49 మీటర్ల కర్ర కట్టమంటారా?

మాది చేబ్రోలు. సముద్రం మాకు దగ్గరేం కాదు. మా ఊళ్ళో నీళ్ళంటే నాలుగు ముఖాల బ్రహ్మగారి గుడి చుట్టూ ఉన్న కోనేరే. అలాంటి ఊరివాడు, అందులోనూ రోజంతా ఏసీలో కూర్చుని కోడు రాసుకునేవాడు, చేపల పడవల గురించి మాట్లాడటమేంటని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. కానీ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు విన్న ఒక మాట ఇంకా నన్ను వదలట్లేదు. అందుకే ఈ గోల.

బాపట్లలో నాతో చదువుకున్న మిత్రుడొకడు నన్ను నిజాంపట్నం తీసుకెళ్ళాడు. వాడికి తెలిసిన సరంగు ఒకాయన, అరవైకి దగ్గర పడ్డ మనిషి, వల బాగుచేసుకుంటున్నాడు. నేను హైదరాబాదులో కంప్యూటర్ ఇంజనీరునని తెలియగానే పడవలోంచి చేతి వైర్‌లెస్ సెట్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అబ్బాయ్, ఇంజనీరువి గదా, ఇది ఇంకాస్త దూరం పలికేట్టు చెయ్యగలవా?"

"ఇప్పుడు ఎంత దూరం పలుకుతుంది బాబాయ్?"

"గంటన్నర పోతే ఒడ్డు పలకదు. ఆపైన గుర్రుమంటది, అంతే."

ఒక డిసెంబరు రాత్రి అంతకంటే దూరంలో ఇంజను ఆగిపోయిందట. ఫోనుకి సిగ్నల్ లేదు. సెట్టులో రాత్రంతా పిలుస్తూనే ఉన్నాడట. ఒడ్డున ఓనరు డాబా మీద యాంటెన్నా ఉంది, కింద సెట్టు ఉంది, వినడానికి మనిషీ ఉన్నాడు. మాట మాత్రం చేరలేదు. "తెల్లారగట్ల వేరే ఊరి బోటోళ్ళకి వినబడింది గాబట్టి నీ ముందు కూచున్నా" అన్నాడాయన, వల మీంచి తలెత్తకుండా.

నేనేమన్నానో తెలుసా? "ఇది 5 వాట్లదే కదా బాబాయ్, 25 వాట్ల సెట్టు కొనండి" అన్నా. ఆయన నవ్వి, పక్కబోటువాళ్ళు అదీ పెట్టారని, గుర్రు తగ్గి మాట తేటగా వస్తోంది గానీ దూరం పెద్దగా పెరగలేదని చెప్పాడు. ఇంటికొచ్చి లెక్క కట్టాక గానీ నా సలహా ఎంత తెలివితక్కువదో అర్థం కాలేదు.

ఆ లెక్క మీరూ చూడండి, పదో తరగతి లెక్కే. పడవల వైర్‌లెస్ వీహెచ్‌ఎఫ్, అంటే సుమారు 156 నుంచి 162 మెగాహెర్ట్జ్. ఈ తరంగాలు దాదాపు చూపులాగే తిన్నగా పోతాయి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కొంత దూరం పోయాక సముద్రమే అడ్డొస్తుంది. రెండు వైపులా యాంటెన్నాల ఎత్తు మీటర్లలో తీసుకోండి. రెంటికీ వర్గమూలాలు కట్టి, కూడి, 4.12 తో గుణించండి. వచ్చేది కిలోమీటర్లలో దూరం, ఉజ్జాయింపుగా.

పడవలో యాంటెన్నా 2.25 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. వర్గమూలం ఒకటిన్నర. డాబా మీద యాంటెన్నా 9 మీటర్లు. వర్గమూలం మూడు. మొత్తం నాలుగున్నర. దూరం 18.5 కిలోమీటర్లు. సరంగు చెప్పిన గంటన్నర ప్రయాణం సరిగ్గా ఇదే! ఆయనకి సూత్రం తెలీదు, జవాబు తెలుసు.

ఇప్పుడు పడవవాణ్ణి కష్టపెడదాం. కర్ర కట్టించి యాంటెన్నా 4 మీటర్లకి లేపాం. దూరం 20.6 కిలోమీటర్లయింది. అంత చేస్తే రెండు కిలోమీటర్లు పెరిగింది. అలా కాక ఒడ్డున 64 మీటర్ల టవరు మీద యాంటెన్నా పెట్టామనుకోండి. ఎనిమిదీ రెండూ పది, 41 కిలోమీటర్లు. రెట్టింపు! డాబాని డాబాలాగే ఉంచి, పడవవైపు నుంచే ఆ 41 సాధించాలంటే పడవ మీద ఎంత కర్ర కావాలి? ఏడు వర్గం, 49 మీటర్లు. తొమ్మిది మీటర్ల ఫైబర్ పడవకి 49 మీటర్ల కర్ర కట్టమంటారా?

అట్లాగని పడవలో చేసుకోవాల్సింది ఏమీ లేదని కాదు. సన్నపాటి ఆర్‌జీ-58 కేబులు పది మీటర్లు లాగితే సుమారు రెండు డెసిబెళ్ళు దారిలోనే పోతాయి. 25 వాట్లు యాంటెన్నా చేరేసరికి పదహారు. ఉప్పుగాలికి కనెక్టరు పచ్చబడితే ఇంకా తక్కువ. ఇక కొట్లో 9 డెసిబెళ్ళ యాంటెన్నా అంటగడితే చిన్న పడవవాళ్ళు కొనొద్దు. దాని శక్తంతా పల్చటి పళ్ళెంలా అడ్డంగా పోతుంది. పడవ ఒరిగినప్పుడల్లా ఒకవైపు ఆకాశానికీ, ఇంకోవైపు నీళ్ళలోకీ మాట్లాడుతుంది. ఊగే పడవకి 3 డెసిబెళ్ళదే నయం. ఇవన్నీ చెయ్యాల్సిందే. కానీ ఇవి ఉన్న దూరాన్ని నిలబెట్టేవి, కొత్త దూరాన్ని తెచ్చేవి కావు.

ఈ సంగతి ఆఫీసులో చెప్తే మనవాళ్ళు ఊరుకుంటారా? ఒకాయన "1554కి ఫోన్ చెయ్యొచ్చుగా, కోస్ట్‌గార్డ్ వస్తారు" అన్నాడు. నంబరు సరైనదే. ఫోన్ టవరు అందని చోట ఆ నంబరు దేనికి? ఇంకొకాయన "ఒక యాప్ చేసేద్దాం" అన్నాడు. మనకి ఏ జబ్బుకైనా యాప్ ఒక్కటే మందు. మూడో ఆయన "శాటిలైట్ ఫోన్లు ఇచ్చేస్తే పోలా" అన్నాడు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడటం నేరమని ఆయనకి తెలీదు.

ప్రభుత్వం ఏమీ చెయ్యట్లేదని కూడా నేననను. 2017లో ఓఖీ తుపాను కేరళ, తమిళనాడు మత్స్యకారుల్ని వందల సంఖ్యలో మింగాక, మన హైదరాబాదు ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి 2019లో జెమిని అనే పరికరం తెచ్చాయి. గగన్ ఉపగ్రహాల ద్వారా తుపాను హెచ్చరికలు ఎంత దూరంలో ఉన్న పడవకైనా చేరతాయి. మంచి పని. కానీ అది వినడానికే, అందులోంచి తిరిగి పలకలేం. 2024 ఆగస్టు 30న ఇంకో అడుగు వేశారు. 364 కోట్లతో లక్ష బోట్లకి ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు. ఇవి రెండు వైపులా పనిచేస్తాయి, చిన్న సందేశాలు పంపొచ్చు, ఆపదలో కబురు పెట్టొచ్చు. చాలా మంచి పని, నిజంగానే అంటున్నా.

అయినా నా పేచీ ఎక్కడంటే, ఉపగ్రహం మీదుగా కబురు ఎక్కడో ఉన్న కేంద్రానికి చేరుతుంది. పక్కనే ఎనిమిది కిలోమీటర్లలో వేటాడుతున్న బోటుకి అది వినబడదు. కేంద్రం చూడాలి, దగ్గర్లో ఎవరున్నారో వెతకాలి, వాళ్ళకి చెప్పాలి. వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్లో కేకేస్తే చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి వినబడుతుంది. ఆ సరంగుని కాపాడింది ఏ కేంద్రమూ కాదు, వేరే ఊరి బోటు. మనలాంటి ఊళ్ళో ఇల్లు అంటుకుంటే ముందు ఎవరొస్తారు, పక్కింటివాడా, ఫైరింజనా? రెండూ కావాలి. ఒకటి వచ్చిందని రెండోదాన్ని అటకెక్కించకూడదు.

తుపాన్ల సంగతి వేరు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటి పరిస్థితి ఇప్పుడు లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. రోజుల ముందే హెచ్చరికలు వచ్చాయి. ఒడ్డు నుంచి పడవకి కబురు పంపడం మనం బాగా నేర్చుకున్నాం. పడవ నుంచి ఒడ్డుకి కబురు రావడమే మిగిలిపోయింది. ఇంజను చెడటానికి తుపానే రానక్కర్లేదు కదా.

మన భాషలో చెప్పాలంటే ఇది క్లయింటూ సర్వరూ గొడవ. క్లయింటు చిన్నది, పేదది, తడిసేది, ఊగేది. దాన్ని అప్‌గ్రేడ్ చెయ్యమని యూజర్‌కి చెప్పే ఆర్కిటెక్ట్‌ని మనం ఏమంటాం? సర్వర్ పెంచరా బాబూ అంటాం. ఇక్కడ సర్వరంటే ఒడ్డున టవరు. ఒక్క టవరు లేస్తే దాని చుట్టూ ఉన్న ప్రతి పడవకీ దూరం పెరుగుతుంది, అదీ పడవవాడు పైసా ఖర్చు పెట్టకుండా.

ఇదేం గాల్లో మేడలు కాదు. ఓడల్ని గుర్తుపట్టే ఏఐఎస్ కూడా ఇదే వీహెచ్‌ఎఫ్. దానికోసం 2012 నాటికే దేశ తీరం పొడవునా 74 లైట్‌హౌసుల మీద పరికరాలు పెట్టారు. ఎత్తు మీద పెడితే దూరం వస్తుందని ప్రభుత్వానికి తెలుసన్నమాట. పెద్ద ఓడల కోసం చేసింది చిన్న పడవల మాట కోసం ఎందుకు చెయ్యకూడదు?

నేనడిగేది మూడే. ప్రతి చేపల రేవుకీ ఓ ఎత్తైన యాంటెన్నా. దాని కింద ఇరవై నాలుగు గంటలూ 16వ ఛానెల్ వినే, తెలుగు వచ్చిన మనిషి. రోజూ పొద్దున పడవలు పిలిస్తే పలికి, ఎవరి మాట ఎంత దూరం నుంచి అందిందో రాసిపెట్టే ఓ పుస్తకం. ఆ పుస్తకం లేకపోతే టవరు పనిచేస్తోందో లేదో ఆపద వచ్చిన రాత్రి దాకా ఎవరికీ తెలీదు. మానిటరింగ్ లేని సర్వర్ గతి మనకి తెలియంది కాదు.

అన్నట్టు మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఇంత పెద్ద మెయింటెనెన్స్ విండో మన ప్రాజెక్టుల్లో ఎవరికైనా దొరికిందా? ఆ రెండు నెలల్లో కేబుళ్ళు మార్చొచ్చు, కనెక్టర్లు తోమొచ్చు, యాంటెన్నాలు ఎత్తొచ్చు. తీరప్రాంతం కాలేజీల ఎలక్ట్రానిక్స్ పిల్లలకి ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఉందా?

సరంగుగారికి ఫోన్ చేసి నా మొదటి సలహా తప్పని ఒప్పుకున్నా. లోపం ఆయన సెట్టులో లేదనీ, ఒడ్డున ఉందనీ చెప్పా. కాసేపు ఊరుకుని, "అయితే ఒడ్డునున్నోళ్ళకి చెప్పు అబ్బాయ్" అన్నాడు.

చెప్పాను.