ఇంట్లో చదువు: చట్టం చూడని పిల్లలు

‘ఏ స్కూలు?’, ‘ర్యాంకు ఎంత?’ తెలుగు ఇళ్లకు వచ్చే చుట్టాలు పిల్లల్ని పలకరించేది చాలావరకు ఈ రెండు ప్రశ్నలతోనే. రెండింటికీ జవాబు లేని పిల్లలు కొందరున్నారు. బెంగళూరు, పుణె, ముంబై, హైదరాబాద్ లాంటి నగరాల్లో కొన్ని కుటుంబాలు పిల్లల్ని అసలు బడికి పంపకుండా, లేదా మధ్యలో మాన్పించి, ఇంట్లోనే చదివిస్తున్నాయి. యూడైస్ లెక్కలు బడుల నుంచే వస్తాయి కాబట్టి వీళ్లకు అందులో గడి లేదు. ఇటుక బట్టీలో పనిచేసే పిల్లవాడు, అమ్మ దగ్గర ఆల్జీబ్రా నేర్చుకునే పిల్లవాడు ఇద్దరూ ఆ లెక్క ప్రకారం ‘బడి బయట’ ఉన్నవాళ్లే.

బడి వద్దనుకున్న తల్లిదండ్రులు ఫీజుల గురించి, సిలబస్ గురించి మాట్లాడతారు. కానీ చివరికి వచ్చి ఆగేది ఒక్కచోటే: బడికి వెళ్లడం మొదలయ్యాక పిల్లలో ధైర్యం తగ్గిపోయిందని, ‘నాకు రాదు’ అనే మాట నేర్చుకుని ఇంటికి వస్తోందని. తెలుగు రాష్ట్రాల్లో ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల మెమోలో తప్పులు దొర్లాయన్న వివాదం ఒకవైపు. ఒక కాగితం మీది అంకెతో తమ విలువ తేలిపోతుందని పిల్లలు నమ్మేలా పెంచిన వాతావరణం మరోవైపు.

ఇంతకీ ఇంటి చదువు చట్టబద్ధమేనా? 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం సూటిగా అవునని గానీ కాదని గానీ చెప్పదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షన్ అంటుంది. చేర్పించకపోతే శిక్ష ఏమిటో మాత్రం రాయలేదు. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. సొంత బిడ్డకు ఇంట్లో చదువు చెబితే ఏమీ లేదు. ఇంట్లో చదువుకుంటున్న ఒక బాలిక ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించినప్పుడు, ఇష్టపూర్వకంగా ఇంటి చదువును ఎంచుకున్నవారికి చట్టం అడ్డు రాదని కేంద్రం 2012లో అఫిడవిట్ వేసింది. ఆ తర్వాత ఆ మాట నుంచి వెనక్కి తగ్గింది. నాటి నుంచి ఈ కుటుంబాలు అనుమతీ నిషేధమూ లేని సందులోనే కాలం గడుపుతున్నాయి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఈ తల్లిదండ్రులు కోరుకునేది చట్టంలోనే ఉంది. పిల్లలు భయం, ఆందోళన లేకుండా చదువుకోవాలని, తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పగలగాలని 29వ సెక్షన్ చెబుతుంది. కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ నిషిద్ధమేనని 17వ సెక్షన్ చెబుతుంది. అంటే చట్టం మాటిచ్చిన బడి దొరకనందుకే వీళ్లు బడి వదిలి వెళుతున్నారు.

అయితే ఇంట్లో ఉంచినంత మాత్రాన ఆత్మవిశ్వాసం వస్తుందా? ‘ఇది నేను చేయగలను’ అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో 1977లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా వివరించాడు. కష్టమైన పనిని స్వయంగా చేసి గెలవడం వాటిలో అన్నిటికంటే బలమైనది. తనలాంటివాళ్లు చేయగా చూడటం మరొకటి. ఇతరుల ప్రోత్సాహం, ఆ సమయంలో మనసూ ఒళ్లూ ఉన్న స్థితి మిగతావి. మొదటిదానికి ఇల్లు మంచి చోటే. భిన్నాలు అర్థం కావడానికి మూడు నెలలు పట్టినా గంట కొట్టి తర్వాతి పాఠంలోకి తోసేవాళ్లు ఉండరు. రెండోదాంట్లోనే ఇల్లు వెనకబడుతుంది. పక్క బెంచీ పిల్ల తప్పు చేసి, నాలుక కరుచుకుని, మళ్లీ చేసి సాధించడం చూడాలంటే పక్క బెంచీ ఉండాలి కదా. అన్నీ తెలిసిన అమ్మానాన్నలను ఎంత చూసినా పిల్లకు ఆ ధైర్యం రాదు.

పొగడ్తతోనూ చిక్కే. తెలివైనవాడివని పొగిడిన పిల్లలు ఒక ఓటమి ఎదురవగానే డీలా పడ్డారని, బాగా కష్టపడ్డావని మెచ్చుకున్నవాళ్లు మళ్లీ ప్రయత్నించారని 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ప్రచురించిన పరిశోధన చూపింది. టీచరూ తల్లీ ఒకరే అయిన ఇంట్లో ‘మా బంగారం జీనియస్’ అనే మాట రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. దాన్ని సరిచూసే మూడో మనిషి ఉండరు.

ఈ విషయంలో గాంధీ ఇల్లే గట్టి ఉదాహరణ. దక్షిణాఫ్రికాలో కొడుకులను యూరోపియన్ల బడిలో చేర్పించే అవకాశం ఉన్నా, మిగతా భారతీయ పిల్లలకు లేనిది తమకు వద్దని ఆయన ఇంట్లోనే చదివించాడు. ఉద్యమాల మధ్య ఆ చదువు సక్రమంగా సాగలేదు. ఇంగ్లండ్ వెళ్లి బారిస్టర్ కావాలనుకున్న పెద్దకొడుకు హరిలాల్‌కు అది తీరని కొరతగా మిగిలింది. 1911లో తండ్రిని వదిలి చదువు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. కొడుకులకు ఈ విషయంలో తనపై ఫిర్యాదు ఉందని గాంధీ ఆత్మకథలో దాచలేదు. తండ్రి నమ్మకం ఎంత గొప్పదైనా అది కొడుకు ఆత్మవిశ్వాసంగా మారలేదు.

మరో వైపు, ఏడో తరగతి దగ్గర బడి మానేసిన ముంబై అమ్మాయి అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో పతకాలు గెలిచి 2016లో ఎంఐటీలో సీటు సంపాదించింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేనందున ఐఐటీల్లో ప్రవేశానికి వీల్లేకపోయింది. ఈ కథ ఇంటి చదువు సమర్థకులకు కంఠతా వచ్చు. కానీ ఒలింపియాడ్ పతకం మామూలు పిల్లలకు కొలబద్ద కాదు. పైగా ఇది కుటుంబంలో ఒకరు ఉద్యోగం మానుకుంటే తప్ప సాగని చదువు. ఆ ఒకరు ఎక్కువగా తల్లే. మొదటి తరం చదువు చూస్తున్న ఊళ్లో ఆడపిల్లకు బడే ఇంటిపని నుంచి, తొందరపాటు పెళ్లి నుంచి రక్షణ. 10వ సెక్షన్ పుట్టింది ఆమె కోసమే. ‘ఇంట్లో చదివిస్తున్నాం’ అన్న మాటకు ఏ పరిశీలనా లేకుండా చట్టం తల ఊపితే, ముందు నష్టపోయేది ఆమే. అందుకని నిషేధం పరిష్కారం కాదు. కుటుంబం పేరు నమోదు చేసుకోవాలి, ఏడాదికోసారి ఎవరో ఒకరు వెళ్లి పిల్లతో, తల్లిదండ్రులతో కాదు, కాసేపు మాట్లాడాలి. ఆ మాత్రం నిబంధన పెట్టడానికి ప్రభుత్వాలు ఇప్పటికీ ముందుకు రాలేదు.

ఈలోగా దారులు ఉన్నవే. ఎన్‌ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండితే పదో తరగతికి నమోదు కావచ్చు. తెలుగు మాధ్యమమూ ఉంది. రెండు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి. ఓపెన్ స్కూల్ విద్యార్థులను నీట్‌కు దూరం పెట్టిన నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టేసింది. ఇంట్లో కుదరకపోతే, ఆరేళ్లు దాటిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాల్సిందేనని విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతుంది. తెలుగు కుటుంబాలు మరచిపోయేది ఇంకొకటి: ఇంజినీరింగ్, మెడికల్ కౌన్సెలింగ్‌లో స్థానికత. దానికి ఏళ్ల తరబడి స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడి ముఖం చూడని పిల్లకు వాటి బదులు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రమే ఆధారం. ఆ కాగితం గురించి ఇంటర్ అయ్యాక కాదు, బడి మాన్పించే రోజునే ఆలోచించాలి.