అటకెక్కిన మర్ఫీ రేడియో

పల్లెల్లో ఒకనాడు మర్ఫీ రేడియో ఉన్న ఇంటి అరుగు సాయంత్రానికి నిండిపోయేది. ఇంగ్లండులో 1929లో పుట్టిన కంపెనీ అది. విజయవాడ రేడియో కేంద్రం 1948లో మొదలయ్యాక, పోస్టాఫీసులో లైసెన్సు కట్టి మరీ వినేవారు. రాలీ సైకిలు, కుక్క బొమ్మ హెచ్.ఎం.వి. రికార్డు పేరుకు సీమవే అయినా, చాలావరకు ఆసన్‌సోల్, డమ్‌డమ్ కర్మాగారాల్లో మన కార్మికులు చేసినవే. ఇప్పుడవి పాతసామాన్ల బండికి కిలోల లెక్కన పోతున్నాయి.

ఇది దొరతనంపై మోజు కాదు. పుల్లరిపై పోరాడి 1922లో కన్నెగంటి హనుమంతు నేలకొరిగిన పల్నాడు మనది. దాచవలసింది, చెమటోడ్చి వాటిని కొన్న మన పెద్దల గుర్తును.

శివరాత్రికి కోటప్పకొండలో ప్రభలు నిలిపే గ్రామాలు, తిరునాళ్లలో ఒక పందిరి వేసి వీటిని పిల్లలకు చూపించాలి. అంతవరకూ అటక మీది సామాను అమ్మకండి.