కొండపల్లి నుంచి కడలి దాకా... సైకిల్ మీద!

దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్‌కి సైకిల్ యాత్రల కోసమే బృందాలుగా వెళ్లేవాళ్లున్నారు. ముందు యాండీస్ కొండల్లో తొక్కుతారు. తరవాత విమానమెక్కి, సుమారు వెయ్యి కిలోమీటర్ల అవతల సముద్రం మధ్యలో ఉన్న గాలపాగోస్ దీవుల్లో దిగి, అక్కడి భారీ తాబేళ్లని చూస్తూ మళ్లీ సైకిలెక్కుతారు. సరదాయే కానీ ఖర్చు లక్షల్లో మాట. బెజవాడ వాళ్లకి అంత దూరం దేనికి? కొండలు కావాలంటే కొండపల్లి ఉంది. దీవులంటే... దివిసీమ పేరులోనే ఉంది దీవి! రెంటి మధ్యా విమానం అక్కర్లేదు, కృష్ణమ్మ ఒడ్డు పట్టుకుని వెళ్తే చాలు. మొత్తం కలిపి నూరు కిలోమీటర్ల పైచిలుకు.

గంటల లెక్కన తొక్కేవాళ్లు వేరే ఉన్నారు. 200 కిలోమీటర్లని పదమూడున్నర గంటల్లో ముగించే 'బ్రెవే' యాత్రలకి మనదేశంలోనూ బోలెడంతమంది అభిమానులు. 2008లో మొదలైన టూర్ ఆఫ్ నీలగిరీస్‌లో ఘాట్ రోడ్లెక్కడమే పండగ. దివిసీమ దారి వాళ్లది కాదు. ఇక్కడ వేగంగా వెళ్తే నష్టపోయేది మనమే. నాలుగు రోజులు పెట్టుకుని, ఎనిమిది పది మంది కలిసి, గేర్లున్నా లేకపోయినా మంచి కండిషన్‌లో ఉన్న సైకిళ్లతో బయల్దేరితే చాలు. చిన్నప్పుడు అద్దె సైకిల్ తెచ్చుకుని, బారు కిందనుంచి కాలు దూర్చి తొక్కిన నాన్నగారు కూడా నిక్షేపంగా రావచ్చు.

మొదటిరోజు కొండపల్లి. కోట ఎక్కేదాకా సైకిల్ మీదే వెళ్లాలని పట్టుబడితే మోకాళ్లు మొరాయిస్తాయి. దిగి నడిపించుకుంటూ వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన కోట అది. పైనుంచి చూస్తే చుట్టూ చిట్టడవి పరచుకున్న కొండలు. బొమ్మలకి ప్రాణం పోసే తెల్లపొణికి చెట్టు పెరిగేది ఈ అడవుల్లోనే. కింద బొమ్మల కాలనీలో ఏ అరుగు మీదో అంబారీ ఏనుగుకి రంగులద్దుతుంటే కాసేపు నిలబడి చూడండి. పొణికి కర్ర మునుపటిలా దొరకడం లేదన్న దిగులు చాలా ఇళ్లలో వినిపిస్తుంది. కొండమీది చెట్టుకీ కింద ఇంట్లో పొయ్యికీ ఉన్న సంబంధం ఈ యాత్రలో కనిపించడం ఇదే మొదలు. చివర్లో సముద్రం దగ్గర మళ్లీ కనిపిస్తుంది, అక్కడ మాత్రం అది ప్రాణాలతో ముడిపడిన వ్యవహారం.

రెండోరోజు తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దగ్గర కలుసుకోవాలి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే దాని బదులు కట్టిన బ్యారేజీ ఇది, 1957లో పూర్తయింది. సుమారు 13 లక్షల ఎకరాల డెల్టా దీని నీళ్ల మీదే పండుతుంది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ఈ గేట్ల గుండా 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద పోయింది, మునుపెన్నడూ లేనంత. ఆ మాట గుర్తుంటే, ఇక్కణ్నుంచి అవనిగడ్డ దాకా మీరు తొక్కబోయే కరకట్ట ఎందుకంత ఎత్తుగా ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

కరకట్ట మీద ప్రయాణం అద్భుతం. కుడిచేతి వైపు నది, లంకలు. ఎడమచేతి వైపు కిందికి చూస్తే అరటి, పసుపు, కంద తోటలు. యనమలకుదురు, తోట్లవల్లూరు దాటాక ఊళ్లు పలచబడతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో అయితే కోసిన వరిచేలల్లో కుప్పలు, పచ్చగా లేస్తున్న మినుము. ఇసుక లారీలు వస్తుంటాయి కాబట్టి పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ కాకుండా ఒకరి వెనక ఒకరు వెళ్లడమే క్షేమం. దారిలో శ్రీకాకుళం వస్తుంది (ఉత్తరాంధ్ర జిల్లా కాదు, ఇది కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు). 'ఆముక్తమాల్యద' రాయమని ఆంధ్రమహావిష్ణువు శ్రీకృష్ణదేవరాయలకి కలలో కనిపించి చెప్పింది ఇక్కడే. కొంచెం లోపలికి వెళ్లగలిగితే ఘంటసాలలో బౌద్ధస్తూపం. అన్నీ చూడాలని ఆశపడితే మాత్రం పొద్దెక్కిపోతుంది.

పొద్దెక్కితే ఏమవుతుంది? డెల్టాలో కొండల్లేవు కదా, తొక్కడం తేలికేగా అనుకునేవాళ్లకి జవాబు మధ్యాహ్నం దొరుకుతుంది. ఇక్కడ గాలే కొండ! నేల వేడెక్కేకొద్దీ సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. దివిసీమ వైపు వెళ్లేవాడికి అది ఎదురుగాలి. ఘాట్ రోడ్డయితే ఎక్కాక దిగుడుంటుంది, ఎదురుగాలికి దిగుడుండదు. బృందంగా వెళ్లడంలోని లాభం అప్పుడే తెలిసొచ్చేది. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనకవాళ్లకి శ్రమ బాగా తగ్గుతుంది. పదేసి నిమిషాలకోసారి ముందువాడు పక్కకి తప్పుకుని చివరికి రావాలి, ఇంకొకరు ముందుకెళ్లాలి. అందరికంటే బలమైనవాడు ఎప్పుడూ చివర్లో ఉంటే ఎవరూ వెనకబడిపోరు. పంక్చరు సామాను, గాలి పంపు కూడా అతని దగ్గరే ఉండాలి. జోరుమీద ఉన్న కుర్రాళ్లకి ఇది నచ్చదు. తొమ్మిదింటికి రివ్వున ముందుకెళ్లిపోయినవాళ్లే పన్నెండింటికి చెట్టుకింద కూలబడి ఉంటారు, చూస్తుండండి.

మోపిదేవి దాటి పులిగడ్డకి వస్తే కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. నది మీదుగా కాలువని దాటించే అక్విడెక్టుని చూసి పిల్లలు నోరెళ్లబెడతారు. ఇక్కడే ఉప్పెన మృతుల స్మారక స్థూపం కూడా ఉంది. 1977 నవంబరు 19. తుపానుతో పాటు దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. చనిపోయినవాళ్లు పదివేలమంది దాకా ఉంటారని ప్రభుత్వ లెక్క, అంతకంటే చాలా ఎక్కువన్నది జనం మాట. తీరంలోని సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అవనిగడ్డలో రాత్రి బసచేసినప్పుడు అరవై దాటిన వాళ్లెవరైనా మాట కలిపితే, సంభాషణ ఎక్కడ మొదలైనా చివరికి ఆ రాత్రి దగ్గరికే వస్తుంది. తొందరపెట్టకుండా వినండి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ యాత్ర పెట్టుకోవద్దని చెప్పడానికి ఇంకో కారణం అక్కర్లేదు.

మూడోరోజు నాగాయలంక మీదుగా ఏటిమొగ. రోడ్డు అక్కడితో ఆఖరు. ఎదురుమొండి దీవికి పంటు మీద దాటాలి. మోటార్‌సైకిళ్లూ పాలక్యాన్లూ బడి పిల్లలూ అందరూ దానిమీదే. మీ సైకిళ్లకీ కాస్త చోటిస్తారు. మీకది సరదా. ఆ దీవిలో పురుడొచ్చినా, పాము కరిచినా దాటాల్సింది ఆ నీళ్లే. వంతెన కావాలని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నది అందుకే. పంటు నిండిపోయి ఉంటే తరవాతి దానికోసం ఆగండి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా పర్యాటకులు చనిపోయిన సంగతి బెజవాడ వాళ్లు మరచిపోయి ఉండరు.

ఇక్కణ్నుంచి మడ అడవుల రాజ్యం. 1989లో ప్రకటించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి మడచెట్ల ఊపిరి వేళ్లు. గాలాడని ఉప్పుబురదలో బతకాలంటే వేళ్లు పైకి వచ్చి గాలి పీల్చుకోక తప్పదు మరి. బావురుపిల్లి ఉండేది ఇక్కడే. పులిపిల్ల కాబోలు అనిపించే మచ్చలు, నీళ్లలో దూకి చేపని పట్టే నేర్పు. పెంపుడు పిల్లికి రెట్టింపు ఉంటుంది. రాత్రుళ్లే తిరుగుతుంది కాబట్టి కనిపిస్తుందని ఆశపెట్టుకోవద్దు. బురదలో దాని అడుగులు కనిపించినా అదృష్టమే. నీటికుక్కలు, నక్కలు, రకరకాల కొంగలు మాత్రం ఓపికుంటే కనిపిస్తాయి. ఓపికంటే నిశ్శబ్దం. స్పీకర్లో పాటలు పెట్టుకుని వచ్చే బృందానికి దక్కేది బురద వాసనే!

మడ అడవి జంతువులకే కాదు, మనుషులకీ గోడే. 1999 ఒడిశా పెను తుపానుపై 2009లో వెలువడిన ఒక అధ్యయనం, మడ అడవులు వెడల్పుగా ఉన్న గ్రామాల్లో మరణాలు తక్కువని లెక్కతేల్చింది. దివిసీమలో ఆ గోడ పలచబడుతోంది. కొంత రొయ్యల చెరువుల పాలైంది. ఎగువన జలాశయాలు కట్టాక నది మోసుకొచ్చే ఒండ్రు తగ్గిపోయి, తీరం కోతకి గురవుతోంది. కరకట్ట నుంచి సముద్రం వైపు వస్తుంటే వరిచేలు పోయి చెరువులు, వాటిలో గిరగిరా తిరిగే ఏరేటర్లు మొదలయ్యేది ఎక్కడో సైకిల్ మీద స్పష్టంగా తెలుస్తుంది. కారులో అయితే ఏసీ చప్పుడులో దాటిపోతుంది. చెరువుల వాళ్లని తిట్టుకోవడం తేలిక. వరితో గిట్టక అప్పుచేసి చెరువు తవ్విన రైతుతో పది నిమిషాలు మాట్లాడితే అంత తేలిక కాదు.

నాలుగోరోజు హంసలదీవి. సంగమంలో మునిగిన కాకి హంసగా మారిందని స్థలపురాణం. వేణుగోపాలస్వామి గుడి చూసుకుని పాలకాయతిప్ప బీచికి వెళ్లొచ్చు. అది అభయారణ్యం పక్కనే కాబట్టి అటవీ సిబ్బందిని అడిగి, వాళ్లు చెప్పిన వేళకే వెనక్కి రావాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుంటతవ్వి, ఒక్కోటీ నూరు దాకా గుడ్లు పెట్టి వెళ్తాయి. నెలన్నర దాటాక పిల్లలు బయటికొచ్చి, సముద్రం మీది వెలుతురే గుర్తుగా నీళ్లవైపు పాకుతాయి. వెనకవైపు లైటు వెలిగిందంటే అటు తిరుగుతాయి. అందుకే చీకటి పడ్డాక ఆ ఇసుక మీద సైకిల్ లైట్లు, సెల్‌ఫోన్ లైట్లు వద్దు. అసలు ఆ వేళకి అక్కడ లేకపోతే మరీ మంచిది.

తిరుగు ప్రయాణంలో అందరూ మళ్లీ తొక్కాలనేం లేదు. సైకిళ్లని ట్రాలీ ఆటోలో వేసి, అవనిగడ్డలో బస్సెక్కితే సాయంత్రానికి బెజవాడ. ఇంటికి రాగానే పడుకోవద్దు. ఉప్పుగాలి తగిలిన చెయిను రెండ్రోజుల్లో తుప్పుపట్టేస్తుంది. ముందు మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె వెయ్యండి.