సరిగమలకు ముందు – పసిపిల్లల సంగీతశిక్షణపై కొన్ని ఆలోచనలు

మానవశిశువు అక్షరాన్ని ఎరుగకముందే నాదాన్ని ఎరుగుతాడు. ఎందరు మాటలాడుతున్నా తల్లి గొంతును గుర్తిస్తాడు. ఊయల లయకు కన్నులు మూస్తాడు. వీధిలో డప్పు మ్రోగితే ఇంకా నడక సరిగా రాని బిడ్డ సైతం గడప పట్టుకొని నిలబడి మోకాళ్ళు వంచి ఊగుతాడు. ఎవరూ నేర్పని ఈ విద్య ఆరేండ్లు నిండేసరికి ఎక్కడికి పోతున్నది? బడిలో అడుగిడిన నాడే "చేతులు కట్టుకో, నోటి మీద వేలు వేసుకో" అన్న రెండు ఆజ్ఞలతో దానికి మనమే వీడ్కోలు పలుకుతున్నాము. ఈ విషయాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కార్యవర్గ సభ్యులైన పెద్దల ముందు ఉంచుట మా ఉద్దేశ్యం.

తెలుగు బోధించే మాకు సంగీతంతో పని ఏమని పాఠకులు సందేహించవచ్చును. మా తరగతి గదిలోనే ఈ ఆలోచన పుట్టినది. ఏటా ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఛందస్సు బోధిస్తాము. వారు గురులఘువుల గుర్తులు వేస్తారు, గణాలను విభజిస్తారు, పరీక్షలో మార్కులు తెచ్చుకొంటారు. కాని ఆ పద్యాన్నే పుస్తకం మూసి వినిపించి "నడక ఎక్కడ విరిగినది?" అని అడిగితే తెల్లమొగం వేస్తారు. కన్ను నేర్చిన ఛందస్సును చెవి నేర్వలేదు. ఇందులో మరొక విచిత్రం కలదు. ఈ విద్యార్థులలో పలువురు బాల్యంలో మక్తబులో తజ్వీద్ అభ్యసించినవారు. ఏ మద్దును రెండు హరకతుల కాలం నిలపాలో, దేనిని నాలుగు, ఆరు హరకతుల వరకు సాగదీయవలెనో వారికి కొట్టినపిండి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అన్న మాటకు మాత్రం వారు బెదురుతారు. అక్కడ కాలాన్ని కొలిచిన చెవియే ఇక్కడా కొలువవలెనని వారికి ఎవ్వరూ చెప్పలేదు. ఆ ఎవ్వరిలో మేమూ ఉన్నాము.

గడచిన విద్యాసంవత్సరంలో జాతీయ సేవా పథకం విద్యార్థులతో కలసి కొన్ని శనివారాలు ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్ళివచ్చాము. మొదటి దినమే ఒక దృశ్యం మా కంట పడినది. రెండవ తరగతి బాలుడొకడు మధ్యాహ్న భోజనం కోసం తెచ్చుకొన్న స్టీలు పళ్ళెం మీద వ్రేళ్ళతో ఏదో దరువు వేస్తున్నాడు. ఉపాధ్యాయుని బెత్తం బల్ల మీద పడినది, దరువు ఆగిపోయినది. ఆ బాలుడు పీర్ల పండుగకు డప్పు వాయించే ఇంటి బిడ్డ అని తరువాత తెలిసినది. అతడు అంతవరకు ఆ తరగతిలో తనకు వచ్చిన విద్యను దేనినీ ప్రదర్శించి ఎరుగడు. ప్రదర్శించిన ఒక్క విద్యకు లభించిన సత్కారం అది! ఆ ఉపాధ్యాయుని నిందించుట మా అభిమతం కాదు. నలుబది మంది పిల్లలున్న గదిలో నిశ్శబ్దమే క్రమశిక్షణ అని మనమందరం ఆయనకు నేర్పియున్నాము.

ఇక సంగీతానికి చోటున్న బడులలోనైనా అది ఏ రూపంలో ఉన్నది? వార్షికోత్సవానికి నెల ముందు పదిమంది మంచి గొంతుల వారిని ఏరి ఒక పాట కంఠస్థం చేయిస్తారు. తక్కినవారు చప్పట్లు కొట్టే ప్రేక్షకులు. ప్రత్యేకంగా నేర్పించదలచిన తలిదండ్రులు బిడ్డను గురువు వద్ద కూర్చుండబెడితే మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు ఆరంభమవుతాయి. ఈ అభ్యాసక్రమాన్ని పురందరదాసు ఏర్పరచినాడని సంప్రదాయం చెప్పుచున్నది. అది శతాబ్దాలుగా విద్వాంసులను తీర్చిదిద్దిన మార్గం. దానిని తక్కువచేయుట మా తరం కాదు. మా ప్రశ్న వేరు. బిడ్డకు మాటలు వచ్చిన పిమ్మట కదా ఓనమాలు దిద్దిస్తున్నాము! ధ్వనితో ఆడుకొననే లేదు, లయతో నడువనే లేదు, ఒక్క చిన్న పాటను స్వయంగా అల్లనే లేదు. అట్టి బిడ్డకు సరిగమలు అర్థమెరుగని అక్షరాలు కావా?

ఈ ప్రశ్నను వేసుకొన్నవారు పూర్వం లేకపోలేదు. స్విట్జర్లాండుకు చెందిన ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ (1865–1950) జెనీవా సంగీత కళాశాలలో బోధిస్తూ తన విద్యార్థులను గమనించినాడు. వారు స్వరమేళనాలను కాగితం మీద నిర్దుష్టంగా వ్రాయగలరు గాని వ్రాసినదానిని మనసులో వినలేరు. అప్పుడాయన కుర్చీలు తొలగించి వారిని నడిపించినాడు; సంగీతం వేగిరపడితే వేగంగా, మందగిస్తే మెల్లగా, ఆగితే ఆగిపోయే విధంగా. దేహమే మొదటి వాద్యమని ఆయన సిద్ధాంతం. మా ఛందస్సు తరగతి కథయే జెనీవాలోనూ జరిగినదని చదివి మేము కొంత ఊరట చెందామని ఒప్పుకొనక తప్పదు.

జర్మనీలో కార్ల్ ఆర్ఫ్ (1895–1982) మాట, ఆట, పాట, వాద్యం వేరుకాని బాలసంగీతాన్ని రూపొందించినాడు. 1948లో బవేరియా రేడియో ద్వారా అది బాలలకు చేరినది. ఆయన పద్ధతిలోని ఒక ఉపాయం మమ్ములను ఆకర్షించినది. పలకల వాద్యంలో అక్కరలేని స్వరాల పలకలను తీసివేసి అయిదింటినే ఉంచుతారు. బిడ్డ దేనిని తాకినా చెవికి కటువు కాదు. "తప్పు" అన్న మాట వినబడని చోట బిడ్డ ధైర్యంగా కల్పన చేస్తాడు. హంగరీలో జోల్టాన్ కొడాయ్ (1882–1967) కృషి ఫలితంగా 1950లో కెచ్కెమెట్ పట్టణంలో ప్రతిదినం గానం పాఠ్యాంశమైన ప్రాథమిక పాఠశాల వెలసినది. బిడ్డకు మాతృభాష ఉన్నట్లే సంగీత మాతృభాష కూడా ఉన్నదనీ, అది తన జాతి జానపద గేయమేననీ ఆయన వాదం.

ఈ పేర్లు చదివి ఇదంతా పరాయి సరుకని ఎవరైనా అనుకొంటే పొరపాటు. చెమ్మచెక్క ఆడే ఇద్దరు బాలికలను చూడండి. చేతులు, గొంతు, లయ, స్నేహం – నాలుగూ ఒకేసారి అభ్యాసమవుతున్నాయి. ఒప్పులకుప్పలో తిరుగుడు, కోలాటంలో కోలల తాకిడి, తెలంగాణ బతుకమ్మలో వలయంగా నడుస్తూ తట్టే చప్పట్లు, పీర్ల పండుగనాడు అలావా చుట్టూ మతభేదం లేకుండా వేసే అడుగులు – ఇవన్నీ ఏ విశ్వవిద్యాలయమూ వ్రాయని పాఠ్యప్రణాళికలు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి దంపతులు ఆకాశవాణి ద్వారా తెలుగు బాలలకు పాటలు, ఆటలు, నాటికలు అందించినారు. 1945లో 'బాల' పత్రికను ఆరంభించినారు. మన వద్ద సంపద కొరవడలేదు; దానిని బడిగడప దాటించే సంకల్పం కొరవడినది.

మేము ఆ పాఠశాలలో చేసినది స్వల్పం. ఇతరులకు ఉపయోగపడునేమోనని విన్నవిస్తాము.

మొదటిది వినుట. పిల్లలను ఒక నిమిషంపాటు కన్నులు మూసి కూర్చుండమని, పిమ్మట విన్న శబ్దాలను చెప్పమన్నాము. మొదటి వారం మూడో నాలుగో చెప్పినారు. నాలుగవ వారానికి కుళాయి చుక్క, దూరాన సోడాబండి గంట, పక్కవాని ఊపిరి సైతం జాబితాలోకి ఎక్కినవి. ఒకే రకం డబ్బాలలో ఇసుక, బియ్యం, చింతగింజలు రెండేసి జతలుగా పోసి మూతలు బిగించాము. ఊపి, విని, జతలను కలుపుట ఆట. ఇంటిలో నేడు సెల్‌ఫోను పాట లేనిదే ముద్ద మ్రింగని బిడ్డలు ఉన్నారు. వారి చెవిని శబ్దం తాకుతున్నది గాని వారు వినుటలేదు. శ్రద్ధగా వినుట నేర్పవలసిన విద్య అని అక్కడ మాకు స్పష్టమైనది.

రెండవది కదలిక. మూడు దెబ్బలకు "తకిట", నాలుగు దెబ్బలకు "తకధిమి" అంటూ నడిపించాము. మొదటి దెబ్బకు అడుగు గట్టిగా పడవలెను, తక్కినవి తేలికగా. రెండూ వచ్చిన తరువాత మూడును నాలుగును జోడించితే ఏడు దెబ్బల మిశ్రగతి ఏర్పడినది. మన వృషభగతి రగడ నడక అదియే. గురజాడ 1910లో ప్రవేశపెట్టిన ముత్యాలసరాల నడక కూడా అదియే. ఏడేండ్ల బిడ్డలు ఆ నడకను పాదాలతో పట్టినారు. పదునేడేండ్ల మా విద్యార్థులు దానిని నల్లబల్లపై పట్టలేకున్నారు. ఇంతకుమించిన సాక్ష్యం మాకు అక్కరలేకపోయినది.

మూడవది కల్పన. అయిదు గాజుగ్లాసులలో వేరువేరు మట్టాలలో నీరు పోసి పుల్లతో తట్టించాము. నీరు పెరిగినకొద్దీ ధ్వని మంద్రమగుటను పిల్లలే కనుగొన్నారు. సంగీతం తెలిసిన విద్యార్థిని ఒకతె ఆ గ్లాసులను స, రి, గ, ప, దలకు సరిచూచినది. అది మన మోహనరాగపు ఆరోహణ. ఆర్ఫ్ చెప్పిన అయిదు స్వరాల ఉపాయం ఆ విధంగా అయిదు గ్లాసులతో నెరవేరినది. ఒక కథ చెప్పి, అందులోని వానకు, గుర్రానికి, దొంగ అడుగుకు తగిన ధ్వనులను పిల్లలనే సమకూర్చమన్నాము. ఆనాడు గుర్రపు నడకను ఎవరు వాయించవలెనన్న ప్రశ్నకు తరగతి అంతా ఒక్కవైపే చూచినది. స్టీలు పళ్ళెం మరల బయటకు వచ్చినది. ఈసారి బెత్తం లేవలేదు. ఉపాధ్యాయుడే బల్లపై వ్రేళ్ళతో తోడుదరువు వేసినాడు.

ఆక్షేపణలు లేకపోలేదు. ఒక తండ్రి మా వద్దకు వచ్చి "సార్, మావాడికి ఎక్కాలే రావటంలేదు, మీరు చప్పట్లు నేర్పుతారా?" అన్నాడు. కష్టపడి కూలిచేసి బిడ్డను చదివించే మనిషి మాట అది; తోసిపుచ్చరాదు. చప్పట్లతో లెక్కలు వస్తాయని మేము ఆయనకు మాట ఇవ్వలేదు. లేని ప్రయోజనాలను అంటగట్టి సంగీతాన్ని అమ్మజూచుట మాకు ఇష్టం లేదు. వినుట, తన వంతుకై ఆగుట, పదిమందితో కలసి ఒక అడుగు వేయుట – ఇవి చదువులో భాగమేనని మాత్రం చెప్పాము. ఆయన పూర్తిగా ఒప్పుకొనలేదు గాని బిడ్డను శనివారం మాన్పించనూ లేదు.

రెండవ ఆక్షేపణ మన సమాజంలో తరచు వినవచ్చేది: సంగీతం మతసమ్మతమా? ఈ విషయంలో ఉలమాల మధ్య శతాబ్దాలుగా భిన్నాభిప్రాయాలు కలవు. తీర్పు చెప్పుటకు మేము అర్హులము కాము. కాని 1111లో మరణించిన ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో సమా అధ్యాయాన్ని వ్రాస్తూ, మధురస్వరం విని ఊయలలో ఏడుపు మానే శిశువును, ఒంటెలవాని పాటకు బరువు మరచి నడిచే ఒంటెను ఉదాహరించినాడు. నాదానికి స్పందించుట సృష్టిలోనే ఉన్నదని ఆ మహనీయుడు గుర్తించినాడు. మేము కోరునది సినిమా పాటల తరగతి కాదు. చప్పట్లకు, అడుగుకు, వినుటకు వాద్యం కూడా అవసరం లేదు. పాట కావలసిన చోట హమ్దును, నాతును, బాలగేయాన్ని తలిదండ్రుల అభీష్టం మేరకే ఎన్నుకొనవచ్చును.

ఒక చిన్నమౌలానా, ఒక నాజర్ జన్మించిన సమాజం మనది. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా నాదస్వరం దక్షిణదేశమంతటా మ్రోగినది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ పాటను, మాటను, అడుగును ముడివేసి బుర్రకథను ప్రజల కళగా నిలిపి, 1986లో పద్మశ్రీ పొందినాడు. వారి వలె కావలెనని ప్రతి బిడ్డను నిర్బంధించనక్కరలేదు. కాని స్టీలు పళ్ళెం లాగివేసిన బడి అట్టివారిని గుర్తించజాలదు.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం సంగీతాది కళలను పాఠశాల విద్యలో అంతర్భాగం చేయవలెనన్నది. మూడు నుండి ఎనిమిదేండ్ల బిడ్డల కోసం 2022లో వెలువడిన చట్రం ఆటపాటల ద్వారా విద్యాబోధనను ఉద్ఘాటించినది. కాగితాలు చాలినన్ని ఉన్నవి. చేయదలచినవారికి ఖర్చు కూడా స్వల్పమే. కావున కార్యవర్గ పెద్దలకు మా మనవి మూడు మాటలు. మన యాజమాన్యంలోని ప్రాథమిక తరగతులకు దినానికి ఇరువది నిమిషాలు ఈ అభ్యాసానికి కేటాయించండి. ఉర్దూ, తెలుగు ఉపాధ్యాయులను కలిపి ఏటా రెండు దినాల శిక్షణ ఇప్పించండి. ఆ ఇరువది నిమిషాల సందడిని అల్లరిగా లెక్కింపవద్దు.

ఉపాధ్యాయవృత్తిని చేపట్టనున్న విద్యార్థులకు ఒక్క మాట. మీ అవ్వల నుండి, నానీల నుండి వారి బాల్యపు ఆటపాటలను ఉర్దూలో, తెలుగులో సేకరించి వ్రాసిపెట్టుకొనండి. రేపు మీ తరగతిలో అవియే మీకు పెట్టుబడి. ఆ పని చేయదలచినవారు వచ్చే విద్యాసంవత్సరారంభంలో తెలుగు శాఖలో మమ్ములను కలుసుకొనగలరు. శనివారాలు మరల ఆరంభిస్తాము.