మామయ్య జవాబు: ఎండలో మొండికేసిన మోటారు సైకిలు



ఈ నెల ఉత్తరాలలో ఒకటి మందమర్రి నుంచి వచ్చింది. వ్రాసింది ఆరవ తరగతి చదివే అమ్మాయి. వాళ్ళ నాన్నగారు బొగ్గుగనిలో పని చేస్తారట. ఉత్తరం నాలుగు పుటలు ఉంది. అందులో ముఖ్యమైన సంగతి ఇది.

కిందటి వేసవి సెలవులలో తండ్రీ కూతురూ మోటారు సైకిలు మీద బాసరకు బయలుదేరారు. మంచిర్యాల, లక్షెట్టిపేట, జన్నారం, ఖానాపూర్, నిర్మల్ మీదుగా సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణం. బయలుదేరేసరికే తొమ్మిది దాటింది. సామాను మూట కట్టి బండి ముందున్న లెగ్‌గార్డుకు బిగించారు. మిట్టమధ్యాహ్నం వేళ ఒకచోట రోడ్డు బాగు చేస్తున్నారు. లారీల వెనక ఇరవై నిమిషాలు అడుగు కదలడం, ఆగడం, మళ్ళీ అడుగు కదలడం! ఇంజను మాత్రం ఆపలేదు. కాళ్ళకు సెగ కొట్టింది. టక్ టక్‌మని చప్పుడయింది. బండి ఆగిపోయింది. కిక్కు తొక్కితే దిగనే లేదు.

రోడ్డు పనివాడొకడు పాపం, సాయం చేద్దామని బకెట్టుతో నీళ్ళు తెచ్చి ఇంజను మీద పోయబోయాడు. నాన్నగారు గబాలున అతని చెయ్యి పట్టుకున్నారట. అరగంట చెట్టు కింద కూర్చున్నాక కిక్కు దిగింది. బాసర మాట మరిచిపోయి మెల్లగా ఇల్లు చేరుకున్నారు.

"ఈసారి మళ్ళీ పోదామని నాన్న, బస్సులో అయితేనే పొమ్మని అమ్మ. మీరెలా చెబితే అలా చేద్దామని ముగ్గురం ఒప్పుకున్నాం మామయ్యా!" అని వ్రాసింది. నన్ను భలే ఇరుకున పెట్టింది!

సరే, తీర్పు తరువాత. ముందు బండి సంగతి చూద్దాం.

పెట్రోలులో ఉన్న శక్తి ఒక రూపాయి అనుకోండి. అందులో చక్రాన్ని తిప్పడానికి పనికివచ్చేది సుమారు ఒక పావలా. తక్కిన ముప్పావలా వేడి రూపంలో వృథా. ఆ వేడిలో కొంత పొగతోపాటు సైలెన్సరు గుండా బయటికి పోతుంది. కొంత ఇంజను ఒంటికి పడుతుంది. ఈ తంటా మోటారు సైకిలు పుట్టిననాడే పుట్టింది. 1885లో జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లర్ కొయ్య చట్రానికి పెట్రోలు ఇంజను బిగించి రెండు చక్రాల బండి తయారు చేశాడు. దాని తొలి సవారీలోనే, కింద ఉన్న మంట గొట్టం వేడికి కూర్చునే పీట అంటుకున్నదని చెబుతారు!

ఇంజను లోపల పెట్రోలు ఆవిరి మండినప్పుడు ఆ మంట వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. పిస్టన్ను చేసేదేమో అల్యూమినియంతో. అది 660 డిగ్రీలకే కరిగి నీరవుతుంది. మరి పిస్టన్ ఎందుకు కరగదు?

హారతి కళ్ళకద్దుకునేటప్పుడు చెయ్యి మంట మీదుగా పోనిస్తారు కదా, చెయ్యి కాలుతుందా? కాలదు. క్షణంలో తీసేస్తారు కనుక. ఇంజనులోనూ అంతే. మంట ఒక్క లిప్త పాటు ఉంటుంది. ఆ వెంటనే పొగ పోయి, చల్లని గాలీ పెట్రోలూ కలిసి లోపలికి వస్తాయి. కాని నిమిషానికి రెండు వేల సార్లు హారతి పడితే చెయ్యి ఊరుకుంటుందా? అందుకే లోహానికి అంటిన వేడిని ఎప్పటికప్పుడు బయటికి గెంటెయ్యాలి. ఆ పని చేసేవి సిలిండరు చుట్టూ పలకలు పలకలుగా కనిపించే రెక్కలు. మెకానిక్కులు వీటిని ఫిన్నులంటారు. వేడి టీని గ్లాసులో ఉంచితే ఎంతకీ ఆరదు. సాసరులో పోస్తే చిటికెలో ఆరుతుంది. గాలికి తగిలే జాగా పెరిగింది కనుక. రెక్కలు చేసేది కూడా ఆ సాసరు పనే.

ఇప్పుడొక చిన్న లెక్క. 1701లో న్యూటన్ మహాశయుడు తన పేరు వేసుకోకుండా ఒక వ్యాసం ప్రచురించాడు. వేడి వస్తువుకూ చుట్టూ ఉన్న గాలికీ మధ్య తేడా ఎంత ఎక్కువైతే వస్తువు అంత త్వరగా చల్లారుతుందని అందులోని సారాంశం. మన బండి రెక్కలు 150 డిగ్రీల వేడిలో ఉన్నాయనుకుందాం. చలికాలం ఉదయం గాలి 25 డిగ్రీలు. తేడా 125. మందమర్రి మే నెల మధ్యాహ్నం గాలి 45 డిగ్రీలు. తేడా 105. అంటే బండి చల్లబడే జోరు సుమారు ఆరో వంతు తగ్గిందన్నమాట. తగ్గింది నిజమే. కాని అయిదు వంతులు మిగిలే ఉంది! కాబట్టి నడుస్తున్న బండిని ఒక్క ఎండే చంపదు.

మరి చంపిందేమిటి? గాలి ఆడకపోవడం. బండి గంటకు 50 కిలోమీటర్లు పోతుంటే రెక్కల సందులలో గాలి రివ్వున దూసుకుపోతుంది. నిలబడితే ఆ గాలి లేదు. రెక్కల పక్కన ఉన్న కాస్త గాలీ వేడెక్కి, అక్కడక్కడే మెల్లగా పైకి లేస్తుంది. ఇంజను మాత్రం లోపల మంటలు పెడుతూనే ఉంది. దీనికి తోడు లెగ్‌గార్డుకు కట్టిన ఆ మూట!

అమ్మాయీ, ఈ ముక్క మీ నాన్నగారికి నాకంటె బాగా తెలుసు. మీ ఊరి గనులలో కొన్నింటికి కల్యాణి ఖని అని చక్కని పేరుంది కదా, అలాంటి లోతు గనులలో పైన పెద్ద ఫ్యాను పెట్టి గాలి ఆడిస్తారు. లోపల బొగ్గు తవ్వేచోటికి గాలి చేరేలా పరదాలు కట్టి దారి మళ్ళిస్తారు. ఒక పరదా అడ్డంగా పడిందో, అక్కడ పనివాళ్ళకు ఉక్కపోసి ఊపిరాడదు. ఆ మూట సరిగ్గా అలాంటి పరదాయే! సామాను ఎప్పుడూ వెనక కట్టాలి. ఇంజను ముఖం గాలికి తెరిచి ఉండాలి. ఇంకొక పరదా కూడా ఉంది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద దుమ్ము వచ్చి, కారిన నూనె మీద పడి, రెక్కల సందులలో గట్టిపడి కంబళిలా కప్పేస్తుంది. ప్రయాణానికి ముందు, ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు, దాన్ని బ్రష్షుతో శుభ్రం చేయించు.

కిక్కు ఎందుకు దిగలేదో చెప్పనా? ఏ లోహమైనా వేడికి ఉబ్బుతుంది. పాత రకం బళ్ళలో సిలిండరును పోత ఇనుముతో చేసేవారు. అల్యూమినియం ఇనుముకు రెట్టింపు ఉబ్బుతుంది. వేడి మితిమీరితే లోపలి పిస్టన్ లావెక్కి సిలిండరులో బిగుసుకుపోతుంది. "ఇంజను పట్టేసింది" అంటారే, అది ఇదే. చల్లారాక పిస్టన్ సన్నబడింది, కిక్కు దిగింది. అయినా లోపల గీతలు పడి ఉండవచ్చు. మెకానిక్కుకు చూపించకుండా మళ్ళీ దూర ప్రయాణం పెట్టుకోకూడదు.

పిస్టనుకూ సిలిండరుకూ మధ్య నూనె పొర ఉంటుంది. కాచిన నెయ్యిలాగా వేడికి అదీ పలచనవుతుంది. పాతబడినా, మట్టం తగ్గినా మరీ ప్రమాదం. బండి పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. ఒక తమాషా చెప్పనా? తొలి రోజుల విమానాలలోనూ పందెపు బళ్ళలోనూ ఇంజన్లకు ఆముదం పోసేవారు! వేడికి అంత తొందరగా పలచబడి పోదు కనుక. అలాగని ఇప్పుడు మీ బండిలో పోసేరు సుమా! ఈనాటి నూనెలు వేరు, వాటి లెక్క వేరు.

ఇక బకెట్టు నీళ్ళు. నా చిన్నతనంలో మా ఇంట్లో లాంతరు ఉండేది. ఒక సాయంకాలం నేను తడి చేతులు విదిలిస్తే, రెండు చుక్కలు వేడి చిమ్నీ మీద పడ్డాయి. టప్పున పగిలింది! వీపు మీద నాకూ రెండు పడ్డాయి. నీరు తగిలినచోట గాజు చప్పున ముడుచుకుంటుంది, పక్కన ఉన్నది ముడుచుకోదు. రెండూ లాక్కుని బీట పడుతుంది. కాగిన పోత ఇనుముకూ ఈ ప్రమాదం ఉంది. పైగా ఎగసిన ఆవిరికి చేతులు బొబ్బలెక్కుతాయి. నాన్నగారు ఆ చెయ్యి పట్టుకోవడమే మంచిదయింది.

ఇంజనుకే అలవాటుగా నీరు తిప్పే బళ్ళు వేరే ఉన్నాయి. దూర ప్రయాణాలకని రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు 2023లో తెచ్చిన హిమాలయన్ 450 అలాంటిదే. కాని ఆ నీటిని చల్లార్చేది కూడా చివరకు గాలే. బండి నిలిచినప్పుడు అందులో ఒక ఫ్యాను తిరుగుతుంది.

మీ బండికి ఫ్యాను లేదు. కనుక రైలు గేటు దగ్గరా, లారీల వెనకా ఆగవలసివస్తే వెంటనే ఇంజను ఆపెయ్యాలి. ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద గేరులో ఈడ్వకుండా చిన్న గేరు వెయ్యాలి. టక్ టక్‌మని చప్పుడు వినబడితే, ఇంకో ఊరు పోదామనుకోకుండా నీడ చూసుకుని దిగిపోవాలి.

ఇలా చేస్తే మే నెలలోనూ బండి బాసర చేరుతుంది. చూశారా, నాన్నగారు గెలిచారు!

ఆగండి, అమ్మగారి మాట రాలేదింకా. ఇందాకటి లెక్కను బండికి కాక మీకు వేసి చూడండి. మీ ఒంటి వేడి 37 డిగ్రీలు. గాలి 45. ఇప్పుడు గాలే మీకంటె వేడి! బండి వేగం పెంచితే రెక్కలు చల్లబడతాయి. మీకేమో ఆ గాలి వేడిని తెచ్చి పోస్తుంది. మిమ్మల్ని కాపాడేది ఒక్క చెమట. ఆ వడగాలిలో చెమట పట్టిన క్షణమే ఆరిపోతుంది. అందుచేత ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు. తల నొప్పి, తిప్పడం, వాంతి మొదలయితే వడదెబ్బ తగులుతున్నదని గుర్తు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి విసరాలి. తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పెద్దవాళ్ళకంటె పిల్లలకు ఈ ప్రమాదం ఎక్కువ. బండి ఓర్చుకునే ఎండను దాని మీద కూర్చున్న అమ్మాయి ఓర్చుకోలేదు. అమ్మగారికి రెక్కల లెక్క తెలియకపోవచ్చు. కాని ఆవిడ చూస్తున్నది బండిని కాదు, నిన్ను.

కనుక నా తీర్పు ఇది. పోతే తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరండి. గంటకొకసారి దిగి, దాహం లేకపోయినా నీళ్ళు తాగండి. ఎండ ముదిరేలోగా నిర్మల్ చేరి అక్కడే ఆగండి. కొయ్యబొమ్మలు చేసేవాళ్ళ దగ్గర మధ్యాహ్నమంతా గడిచినా విసుగు పుట్టదు. పొద్దు వాలాక బాసర. ఇది కుదరదంటే, అమ్మగారు చెప్పినట్టు బస్సే!

ఉత్తరం చివర, సైలెన్సరు తగిలి పిక్క కాలితే సిరా పూశామని వ్రాశావు. సిరా వద్దు, పళ్ళ పేస్టూ వద్దు. కాలిన చోట వెంటనే చల్లని నీటి ధార ఇరవై నిమిషాలు పడనివ్వాలి. బొబ్బను చిదపకూడదు. ఈసారి పొడుగు ప్యాంటు వేసుకుని, సైలెన్సరు లేని వైపు నుంచి దిగు. నేను మీ వయసులో అటు వైపు దిగాను. ఆ మచ్చ నా కుడి పిక్క మీద ఇంకా ఉంది.