నలభై దాకా ఆగని జబ్బు

కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చిన 2025 నవంబర్ 21న కేంద్రం ప్రకటించిన హామీల్లో రెండు మాటలున్నాయి. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష. ప్రమాదకర రంగాల కార్మికులకు నూటికి నూరు శాతం ఆరోగ్య భద్రత. సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం బల్క్ డ్రగ్ యూనిట్లలో డ్రమ్ములు దొర్లించే కుర్రాళ్లను చూసినవారెవరికైనా ఈ రెండూ పొసగవని తెలిసిపోతుంది. ఇరవై రెండేళ్లవాడికి పరీక్ష నలభైలో మొదలవుతుందని చెబుతూ, నీకు నూరు శాతం భద్రత ఇచ్చామనడం అబద్ధం. ఇంతకన్నా మెత్తని మాట మాకు దొరకలేదు.

కొత్త కోడ్‌లతో నియామక పత్రం తప్పనిసరి కావడం కాంట్రాక్టు కార్మికుడికి నిజమైన అండే. మా అభ్యంతరమల్లా ఆ నూరు శాతం మీద.

వృషణాల క్యాన్సర్‌నే తీసుకుందాం. మగవాళ్లు ఇంట్లో కూడా నోరెత్తని జబ్బు కాబట్టే దీన్ని ఎంచుకున్నాం. ప్రోస్టేట్ క్యాన్సర్ వయసు మళ్లాక ఎక్కువ. వృషణాల క్యాన్సర్ మాత్రం 15కీ 40కీ మధ్యే ఎక్కువ, అంటే సర్కారు గీత గీసి వదిలేసిన వయసులోనే. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. ఒకవైపు చిన్న గడ్డ, కొంచెం బరువు, అంతే. వరిబీజమనుకుంటారు. బరువులెత్తితే బుడ్డ దిగిందనుకుంటారు. పెళ్లికానివాడు ఎవరితో చెప్పుకుంటాడు? ఒకే గదిలో పడుకునే నలుగురితోనూ చెప్పడు. ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో నెలలు గడిచిపోతాయి. ఈలోగా అది కడుపులోని లింఫు గ్రంథులకూ ఊపిరితిత్తులకూ పాకుతుంది.

నిజానికి ఇంత బాగా నయమయ్యే క్యాన్సర్లు అరుదు. 1970లలో సిస్‌ప్లాటిన్ వాడకం మొదలయ్యాక దీని కథే మారిపోయింది. తొలి దశలో పట్టుకుంటే 100 మందిలో 95 మందికి పైగా బతుకుతారు. గజ్జల దగ్గర కోసి ఆ వృషణాన్ని తీసేస్తారు. అవసరమైతే కీమో ఇస్తారు. చాలామందికి మూడు విడతలు, తొమ్మిది వారాలు. రెండోది బాగుంటే సంసారానికి సాధారణంగా అడ్డుండదు. పిల్లలు కావాలనుకునేవారు కీమోకు ముందే వీర్యం భద్రపరచుకోవచ్చు. ఈ నాలుగు ముక్కలూ చెప్పేవారు లేక ఒక కుర్రాడు చనిపోతే దాన్ని విధి అనడానికి మేం ఒప్పుకోం.

ఈ జబ్బుకూ ఈ పారిశ్రామిక బెల్టుకూ ఏం సంబంధమని యాజమాన్యాలు అడుగుతాయి. అడగదగ్గ ప్రశ్నే. ఇక్కడి రసాయనాల వల్లే వస్తోందని రుజువు లేదు, మేమా మాట అనడమూ లేదు. కానీ డీఎంఎఫ్ అనే సాల్వెంట్ ఉంది. బల్క్ డ్రగ్ తయారీలో వాడతారు. చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతుంది. 1980లలో అమెరికాలో విమానాలు బాగుచేసే చోట్లా, ఒక తోళ్ల కర్మాగారంలోనూ దీనితో పనిచేసినవారిలో వృషణాల క్యాన్సర్ కేసులు గుంపుగా బయటపడ్డాయి. ఆ తోళ్ల కర్మాగారంలో ముగ్గురు. తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. అయినా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డీఎంఎఫ్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్న 2ఏ జాబితాలో చేర్చింది. వృషణాల క్యాన్సర్‌తో సంబంధానికి పరిమితమైన ఆధారాలున్నాయంది. జబ్బుపడ్డవాడిని ఎక్కడ ఏం పని చేశావని అడిగినవారున్నారు కాబట్టే ఇదంతా తెలిసింది. 1775లో లండన్‌లో పెర్సివల్ పాట్, పొగగొట్టాలు తుడిచేవారికి వృషణాల తిత్తి మీద వచ్చే క్యాన్సర్‌కు మసే కారణమని పట్టుకున్నదీ అలాగే. పని వల్ల వచ్చే క్యాన్సర్‌ను లోకం మొదట గుర్తించిందే మగవాడు దాచుకునే ఆ చోట.

ఇక అసలు మోసం. ప్రమాదకర పదార్థాలతో పనిచేసే ప్రతి కార్మికుడికీ పనిలో పెట్టేముందు, పనిలో ఉన్నంతకాలం, పని మానేశాక కూడా, 12 నెలల ఎడం మించకుండా వైద్య పరీక్ష చేయించాలని ఫ్యాక్టరీల చట్టంలోని 41-సీ సెక్షన్ చెప్పింది. ఆరోగ్య రికార్డు ఉంచాలనీ, కార్మికుడికి చూపాలనీ చెప్పింది. భోపాల్ తర్వాత, 1987లో చేర్చిన సెక్షన్ అది. అందులో 40 అన్న మాటే లేదు. అంటే 38 ఏళ్లుగా కార్మికుడికి బాకీపడ్డదాన్ని కొత్త కానుకలా చేతిలో పెడుతున్నారు. ఆ రికార్డులేవీ? 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగితే లోపల ఎందరున్నారో తేలడానికే రోజులు పట్టింది. ఆ పూట షిఫ్టులో ఉన్నవారి లెక్కే చెప్పలేనిచోట, పదేళ్ల కిందట సెంట్రిఫ్యూజ్ దగ్గర పనిచేసి గంజాం వెళ్లిపోయినవాడి ఒంటి సంగతి ఎవరు రాసిపెట్టారు? పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు లెక్కతేల్చారు. ఆ మందును తయారుచేసిన మనుషులకు అంతపాటి లెక్క కూడా లేదు.

పైగా 40 అన్న అంకె కోడ్‌లో లేదు. ఏ వయసువారికి పరీక్ష చేయాలో నిబంధనల్లో రాయమని సంబంధిత ప్రభుత్వానికి వదిలేశారు. ప్రైవేటు ఫ్యాక్టరీల విషయంలో ఆ ప్రభుత్వం హైదరాబాద్‌లోనే ఉంది. ఢిల్లీని చూపించి తెలంగాణ తప్పుకోవడానికి వీల్లేదు.

లక్షణాలు లేని ప్రతివాడినీ ఈ క్యాన్సర్ కోసం పరీక్షించడం వల్ల మేలు లేదన్న నిపుణుల మాట మాకు తెలుసు. మేం అడుగుతున్నది అది కాదు. సాల్వెంట్లతో పనిచేసేవాడిని ఏడాదికోసారి డాక్టరు తలుపు మూసి, అతని భాషలో, కింద గడ్డగానీ వాపుగానీ ఉందా అని అడగాలి. ఉందంటే ఆ వారంలోనే అల్ట్రాసౌండ్ తీయించాలి. ఆడవాళ్లకు మంగళవారాల్లో ఆరోగ్య మహిళ క్లినిక్‌లు పెట్టిన రాష్ట్రమిది. మంచి పని చేసింది. జాతీయ క్యాన్సర్ స్క్రీనింగ్‌లో మాత్రం మగవాడికి నోరు చూసి పంపేస్తారు. ఈఎస్‌ఐలో క్యాన్సర్ రోగికి 80 శాతం వేతనం దాకా ఇచ్చే దీర్ఘకాలిక భృతి ఉంది. దానికి రెండేళ్ల ఉద్యోగం, 156 రోజుల చందా చూపాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మళ్లీ మొదటికొచ్చేవాడు ఎక్కణ్నుంచి తెస్తాడు? అలాంటివారికి ఆ షరతు సడలించాలి.

సంగారెడ్డి జిల్లాలో పని మానేసిన కార్మికుల్లో గత ఏడాది ఎందరిని వెనక్కి పిలిచి పరీక్షించారో ఫ్యాక్టరీల శాఖ ప్రకటించాలి, ఒక్కో యూనిట్ పేరుతో సహా.